అమ్మ రెండో బాప్తిస్మం

రేపల్లె,
14-5-1968

చెల్లెలు ఎస్తేరుకు,

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున అక్క వ్రాయునది. ఇలా మొదలుపెట్టానని మరిదిగారికి కోపం వస్తే రానీ.

పోయిన వారం తెనాలి సభలో మీ బావగారు పాస్టరుగా, ఆ ముగ్గురూ కలిసి ఒక్క దేవుడేననే త్రిత్వం గురించి గంటసేపు వాక్యాలు చూపించి చెప్పారు. జనం విసనకర్రలు విసురుకుంటూ కూర్చున్నారు. త్రిత్వం లేదనే మరిదిగారు లేచి, "దేవుడు ఒక్కడా, ముగ్గురా? మీరే చెప్పండమ్మా!" అనగానే హాలంతా "ఒక్కడే!" అని అరిచింది. మేమూ ఒక్కడే అంటున్నామని ఈయన మొత్తుకున్నా వినేదెవరు? చప్పట్లన్నీ మీ ఆయనకే. అమ్మ కూడా కొట్టింది. ఇన్నేళ్లు నా ఇంట్లో ఉండి, ఈయన ప్రసంగం బాగుందని ఒక్కనాడూ అనలేదు.

రెండు రోజుల్లో వస్తానని అటునుంచి అటే నీ వెంట బాపట్ల బండెక్కింది. ఇప్పుడేమో వచ్చే ఆదివారం అమ్మకు యేసు నామంలో మళ్లీ బాప్తిస్మం ఇప్పిస్తున్నామని రాశావు. ముగ్గురి పేరున ఇచ్చిన మొదటిది చెల్లదట. ఆ బాప్తిస్మం అమ్మ పక్కన నిలబడి నేను చూశాను ఎస్తేరూ. నువ్వింకా పుట్టలేదు.

ఎలాగైనా ఆపమని ఈయనను అడిగితే, "మీ అమ్మ ఇష్టం. అయినా నీ బాధ త్రిత్వం గురించి కాదులే" అన్నారు. ఆ కోపంతో అన్నం కూడా తినలేదు.

శనివారం బండికి వస్తున్నాను. ఏ నామంలో ఇస్తారో మరిదిగారి ఇష్టం, నేను నోరెత్తను. కానీ అమ్మ నీళ్లలోంచి పైకి వచ్చాక తల తుడిచి పొడి చీర కట్టేది నేను. ఆ పని మాత్రం నీకు ఇవ్వను.

మీ అక్క