మూడో ముద్ద

జ్యోతి వాళ్ల నాయనకు,

చెనిక్కాయలు పీకే కూలికి పోతున్నాను. నువ్వు పది గంటలకు ఆసుపత్రిలో డైటీషియన్ మేడమ్‌ను కలువు. పరీక్ష కాగితాలు సంచిలో పెట్టినాను. భయపడొద్దు, ఆమె సూది వేయదు. బరువు చూసి, పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేమి తింటావో అడుగుతుంది. డాక్టరుతో అన్నట్టు "పూటకు ఒక్క ముద్దే తింటాండా" అని అబద్ధం చెప్పొద్దు.

జ్యోతి చనిపోయినా నా చేయి ఇంకా మూడు సంగటి ముద్దలే చేస్తోంది. బిడ్డ ముద్ద మిగిలితే నేను ఏడుస్తానని, అది కూడా నువ్వే తింటున్నావు. నేను చూడలేదనుకున్నావా? నీ షుగర్ అందుకే పెరిగింది. మేడమ్‌కు అదే చెప్పు.

ఈ పొద్దు రెండే చేసినాను. నాది క్యారియర్‌లో పెట్టుకున్నాను, గిన్నెలో నీది ఒక్కటే ఉంది. మూత తీసినాక, జ్యోతిని మరిచిపోయినానని మాత్రం అనుకోవద్దు.