నీ ఎక్స్‌రే కిటికీలు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రాష్ట్రాలు విడిపోయి మన ఊరు తమిళనాడులో ఉండిపోయాక తెలుగు తరగతి ఎత్తేసిన మన గుడియాత్తం బడిలో రేపు సైన్సు ప్రదర్శన. మొన్న అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగిన నౌకను అగ్గిపెట్టెల అట్టతో చేశాను. నీ సిగరెట్ పెట్టెల్లోని మెరుపు కాగితాన్ని నలిపి దాని ఒంటినిండా అంటించాను. కిటికీల కోసం, వేలూరు ఆసుపత్రిలో తీసిన నీ ఎక్స్‌రేను కత్తిరించాను.

తద్దినానికి వచ్చిన అత్త మండిపడింది. "పోయినోళ్ల వస్తువు ఇంట్లో పెట్టుకోగూడదమ్మే! పొయ్యిలో ఎయ్యి."

"నాయనను ఒకసారి కాల్చినారు గదత్తా, చాల్లే" అన్నాను.

లోపల టార్చి బల్బు పెట్టాను. వెలిగిస్తే కిటికీల్లో నీ పక్కటెముకలు కనిపిస్తున్నాయి. లోపల ఎవరున్నారని రేపు బడిలో అడుగుతారు. అడగనీ. మా నాయన అని తెలుగులోనే చెబుతాను.