వెనక ఇంజను బస్సు

నిర్మల్,
కార్తీక మాసం, 1958.

చిరంజీవి సౌభాగ్యవతి దుర్గవ్వకు నీ పెనిమిటి మొగిలి రాయునది. నా ఒంటికి ఏ లోటూ లేదు. నస్పూరులో నువ్వూ, పసిబిడ్డా, అత్తా చల్లగా ఉన్నారని నమ్ముకుని రాస్తున్నాను.

నిర్మల్ నుంచి మంచిర్యాలకు తిప్పడానికి మా షావుకారు కొన్న బస్సు గురించి అడిగావు. నువ్వు విన్నది నిజమే, దానికి ముందర మూతి లేదు. ఇంగ్లండులో ఉన్నోళ్లు యాత్రలకు పోవడానికి చేసిన బండి అది. ఓడలో బొంబాయికి వచ్చి, కొన్నాళ్లు ఒక రాజావారి వేట అతిథులను మోసింది. తరువాత వేలంలో నాగపూరు చేరి, అక్కడ అరిగిపోయాక మా షావుకారు చేతికి వచ్చింది. కిటికీలకు పరదాలు కట్టిన ఇత్తడి కమ్మీలు ఇంకా ఉన్నాయి. వచ్చిన రోజు ఇంజను చూద్దామని ముందర మూత తీస్తే లోపల స్పేర్ చక్రం ఉంది. ఇంజనేమో వెనక సీటు కింద దాక్కుంది. మా కండక్టరు అంతయ్య, "గిదేం బండిరా నాయనా, గుండెకాయ వీపుల పెట్టుకున్నది" అన్నాడు. అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. పాత బండి ఇంజను నా మోకాలి పక్కనే ఉండేది. చప్పుడు మారితే చెవికి తెలిసేది, వేడెక్కితే కాలికి తెలిసేది. ఈ బండి తన చక్రాలు లేపిన దుమ్మంతా తానే పీల్చి ఊరికే కాగిపోతుంది. ముందర కూర్చున్న నాకు ఏమీ తెలియదు. వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని అంతయ్యను వెనక కూర్చోబెట్టి, ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టించాను. చెయ్యి ఓర్వలేకపోతే తాడు గుంజి గంట కొడతాడు, నేను ఆపి నీళ్లు పోస్తాను. పాపం, అతని చెయ్యి బొబ్బలెక్కింది.

చలికి వెనక సీటు వెచ్చగా ఉంటుందట, బిడ్డతో అక్కడే కూర్చుంటానన్నావు. వద్దు, నా మీద ఒట్టు. మొన్న జన్నారం అడవిలో ఎవరో ఆ మూత మీద గోనెసంచి వేస్తే అంటుకుంది. గంట మోగేదాకా నాకు తెలియనే లేదు. ఒక ముసలవ్వ కుండలోని మజ్జిగ గుమ్మరిస్తే ఆరింది. అంత జనానికి తలుపు ఒక్కటే. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఇక నీకు చెప్పలేక దాచిన మాట. షావుకారు లెక్కలో బస్సు వెనక భాగమంటే సామాను వేసే చోటు. ఇన్నాళ్లూ చూసిన బస్సులన్నీ అంతే కదా. లక్షెట్టిపేటలో పత్తి కొన్నాడు. మంచిర్యాల నుంచి తిరుగు ప్రయాణంలో ఆ పత్తి కుక్కిన బోరె సంచులు ఇంజను మూత మీద పేర్చి తెమ్మన్నాడు. పత్తి పేరిస్తే అంతయ్య చెయ్యి ఎక్కడ పెడతాడు? నేను నడపనన్నాను.

"నువ్వు గాకుంటే ఇంకొకడు. నీ ఫికర్ నాకెందుకు?" అన్నాడు షావుకారు.

ఆ ఇంకొకడు నీ తమ్ముడు మల్లన్న. లారీల మీద క్లీనరుగా తిరిగినవాడికి స్టీరింగు దొరికితే ఆగుతాడా? చేతులు పట్టుకుని బతిమాలాను. "నీకు భయమైతే నువ్వు దిగు బావా. నా నోటికాడి కూడు తియ్యకు" అన్నాడు. అప్పటి నుంచి నాతో మాట లేదు. నేనే వద్దామంటే షావుకారు నన్ను బస్సు దగ్గరికే రానివ్వడం లేదు.

రేపు పొద్దున వాడే బస్సు తీస్తాడు. అటు వచ్చేటప్పుడు పత్తి ఉండదు. రాత్రికి మంచిర్యాలలో బస్సు ఆపి, పక్కనే ఉన్న నస్పూరుకు నడిచి అన్నానికి మీ ఇంటికే వస్తాడు. ఈ ఉత్తరం అంతయ్య చేతికిచ్చి, మల్లన్నకు తెలియకుండా నీకే ఇమ్మన్నాను. నువ్వు ఇది చదివే వేళకు వాడు మీ వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ ఉంటాడు. ఎత్తుకుని పెంచిన అక్కవు, నీ మాట కాదనడు. ఏడువు, తిట్టు, ఒట్టు వేయించుకో. బిడ్డను వాడి ఒళ్లో పెట్టి లేవనివ్వకు. నడిపేవాడు లేకపోతే బస్సు మంచిర్యాలలోనే నిలబడిపోతుంది. తెల్లవారి వాణ్ని ఆ బస్సు ఎక్కనివ్వకు, దుర్గవ్వా.

ఇట్లు,
నీ పెనిమిటి
మొగిలి