బల్లమీదికెక్కిన కిమ్చీ తొట్టి

హేనామ్,
నవంబరు 27

మియోంగ్‌సుక్ వదినగారికి,

అత్తయ్యను ఈసారి చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టే పనికి దూరంగా ఉంచమని రాశారు. ఉంచలేకపోయాను, క్షమించండి. కానీ కంగారుపడకండి. నిరుడు ఉప్పు క్యాబేజీల తొట్టి ఎత్తబోయి, నడుం పట్టేసి కూలబడిన మనిషి, నిన్న మాతో సమానంగా ఎనభై క్యాబేజీలకు కారం పట్టించి, తనంతట తనే నడిచి వెళ్లి పడుకున్నారు.

ఎనిమిది నెలలు వ్యాయామాలు చేయించిన ఫిజియోథెరపీ అమ్మాయి చివరికి ఒక్కటే షరతు పెట్టింది. "నేలమీద గొంతుక్కూర్చోవద్దు బామ్మా, తొట్టి బల్లమీద పెట్టుకోండి."

"నిలబడి కిమ్చీ కలిపితే ఇరుగుపొరుగు నవ్విపోతారే!" అని అత్తయ్య రుసరుసలాడారు. నిన్న మాత్రం తనే బల్ల వేయించారు.

అలవాటుకొద్దీ నేను నేలమీద కూర్చోబోతే కసిరారు.

"లే! నీకూ బల్ల వేయించాను. ఇరవై ఏళ్లుగా గోడ పట్టుకుని లేస్తున్నావు, నాకు కళ్లు లేవనుకున్నావా?"

ఆ సంగతి మీకెప్పుడూ రాయలేదు వదినా. సోమవారం నన్ను ఆ అమ్మాయి దగ్గరికి అత్తయ్యే తీసుకెళుతున్నారు.

మీ వాటా కిమ్చీ రేపు పార్సిల్ చేస్తాను. డబ్బా ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్లు వంచాలట. పక్కనే కూర్చుని మీ అమ్మగారు ఈ మాట రాయిస్తున్నారు.

మీ మరదలు