బాతుల ఆటకి టేకు ఫ్రేము

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, అబద్ధంతో మొదలుపెట్టడం ఎందుకని ఆగాను. మీ అక్క కుశలం. నేను కాదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మొన్న మనిద్దరం ఫోన్లో అరుచుకున్న అరుపులకి, పెళ్ళి ఫోటోకి ఫ్రేము కట్టించుకుందామని షాపుకొచ్చిన జంట బేరం కూడా ఆడకుండా వెళ్ళిపోయింది. ఇకనుంచి మీరిద్దరూ ఉత్తరాలే రాసుకోండని మీ అక్క హుకుం. పెన్ను పట్టుకుంటే మనిషి కాస్త ఆలోచిస్తాడట. చూద్దాం.

నువ్వు పంపిన వెడల్పు తెర అందింది. పాతది పాడైందని తెలిసి అడగకుండానే పంపావు, సంతోషం. కానీ నువ్వు చదువుకునే రోజుల్లో మా షాపు వెనక గదిలో కూర్చుని తయారుచేసిన బాతుల ఆట ఉంది చూడు, దాన్ని ఇందులో పెడితే ఆట మధ్యలో ఇరుక్కుంది. అటూ ఇటూ రెండు నల్ల పట్టీలు నిలబడ్డాయి. ఫోటో చుట్టూ నల్ల అట్ట వేయడం నా వృత్తి. నేను నాలుగు వైపులా సమానంగా వేస్తాను. పక్కలకి మాత్రమే వేసి పైనా కిందా వదిలేసే పనివాడు మా షాపులో ఉంటే ఆ పూటే మానిపించేవాణ్ణి.

నవ్వకు. నా పరువు పణంగా ఉంది. ఈ నెలాఖరుకి ఆ ఆటలో ఎవరి స్కోరు ఎక్కువైతే షాపు ముందున్న అద్దాల కిటికీ వాళ్ళదని మీ అక్కా నేనూ పందెం వేసుకున్నాం. ఆ కిటికీలో ఏముందో నీకు తెలుసు. నా పడుచు వయసు ఫోటో, మెలేసిన మీసంతో, నిలువెత్తుది. అది చూసే కదా జనం లోపలికొచ్చేది! దాన్ని దించేసి తన ఎంబ్రాయిడరీ గుడ్డలు వేలాడదీస్తుందట మీ అక్క. పొద్దున నేను ఆడతాను, మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఆమె ఆడుతుంది. కొత్త తెర వచ్చినప్పటి నుంచీ నక్కలు ఆ నల్ల పట్టీల్లోంచి ఒక్కసారిగా దూకి నా బాతుల్ని ఎత్తుకుపోతున్నాయి. ఆ పట్టీలు తీసేసే ఉపాయం వెంటనే రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క. నా కళ్ళద్దాల మీద నేనే కూర్చున్నాను. దూరం చూపుకి లోటు లేదు, రాయడం చేతి అలవాటు, చదవడమే కుదరడం లేదు. అద్దాలవాడు రేపు రేపు అంటున్నాడు. అందాకా నీ ఉత్తరాలు మీ అక్కే చదివి వినిపిస్తుంది. అయినా ఆ కోడిగీతలు కళ్ళద్దాలున్నా నాకు అర్థమయ్యేవా? నీకు అక్షరాలు దిద్దించిన పాపం ఆమెది, ఆమే అనుభవించాలి.

*

మీసాల బావగారికి,

బావమరిది నమస్కరించి రాయునది.

తప్పు తెరదీ కాదు, ఆటదీ కాదు. అప్పట్లో తెరలు ఇంచుమించు చదరంగా ఉండేవి, ఆటని ఆ కొలతకే చేశాను. ఇప్పుడు తెర వెడల్పయింది. మిగిలిన చోటు ఏం చేయాలో తెలియక కంప్యూటర్ నలుపు పులిమేసింది.

ముందుగా ఒక హెచ్చరిక. తెర కింది అంచున ఒక మీట ఉంటుంది. అది నొక్కితే బొమ్మ పక్కలకి సాగి పట్టీలు పోతాయి, దాంతోపాటు ఆట కూడా పోతుంది. దాని జోలికి వెళ్ళకు.

అసలు మందు ఇది. ఆట ఉన్న ఫోల్డర్లోనే 'కొలతలు' అని ఒక ఫైలు ఉంటుంది. అది తెరిచి, వెడల్పు అన్నచోట 1920, ఎత్తు అన్నచోట 1080 కొట్టు. అవి తెర మీది చుక్కల లెక్క బావా, అంగుళాలు కావు. టేపు దగ్గరికే వెళ్ళకు. అప్పుడు ఆట అంచుల దాకా పరుచుకుంటుంది.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. అలా చేస్తే ఇన్నాళ్ళూ కనపడని పొదలు కూడా కనిపిస్తాయి. నక్కలు అక్కడ వరసగా నిలబడి తమ వంతు కోసం చూస్తుంటాయి. తెర అవతల ఎవరు చూస్తారులే అని అప్పట్లో వాటిని దాచలేదు. అవి బయలుదేరకముందే చూసినవాడికి ఇక ఓటమి లేదు.

*

చిరంజీవికి,

నీ చదువు తగలెయ్య. నువ్వు చెప్పినట్టే కింద మీట నొక్కాను. పట్టీలు పోయాయి, నిజమే. బాతులు మాత్రం బలిసిపోయాయి! ఒక్కోటి దిండంత ఉంది. చెరువుగట్టు మీద నడవాల్సినవి దొర్లుతున్నాయి. నక్కైతే పొట్టి కాళ్ళ ఆవులాగా ఉంది. అది వస్తుంటే ఆవే కదా అని ఊరుకున్నాను, మూడు బాతుల్ని పట్టుకుపోయింది.

ఎదురింటి మంగలి వచ్చి చూసి, "బాతులకి ఏం పెడుతున్నావయ్యా, మా ఇంట్లో కోళ్ళకీ అదే పెడతాను" అన్నాడు.

ఆ ఒక్కరోజులోనే మీ అక్క స్కోరు నాదాన్ని దాటేసింది. ఆ బలిసిన బాతులతో ఆమె ఎలా గెలిచిందో భగవంతుడికే తెలియాలి. సరైన వైద్యం చెప్పు, లేకపోతే నీ కంప్యూటర్ రిపేరు షాపు బోర్డు మీద నేనే వచ్చి నల్ల పట్టీ వేస్తాను.

ఇట్లు,
మీ బావ

తా.క. నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ మీ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు అంది. తమ్ముడివి, మందేదైనా తెలిస్తే రాయి.

*

బావా,

నమస్కారం. ఇకమీద క్లుప్తంగా రాస్తాను, ఎక్కువ రాస్తే నీకు తిరగబడి అర్థమవుతోంది.

మీట నొక్కమని నేను చెప్పలేదు. నొక్కొద్దన్నాను. మళ్ళీ నొక్కి బాతుల్ని మామూలు ఒంటికి తీసుకురా. తర్వాత 'కొలతలు' ఫైలు తెరువు. వెడల్పు 1920. ఎత్తు 1080. టేపు వాడకు. మళ్ళీ రాస్తున్నాను, టేపు వాడకు. నీ చేతిలో ఎప్పుడూ ఉంటుందని తెలుసు, అందుకే భయం.

ఇట్లు,
బావమరిది

తా.క. దగ్గుకి వేడినీళ్ళు తాగమను. అయినా అక్కకి చిన్నప్పటి నుంచీ దగ్గు లేదే!

*

బావమరిది అనే పెద్దమనిషికి,

దీవెనలు ఈసారికి ఆపి ఉంచాను.

టేపుతో కొలిచి రాయమన్నావు, కొలిచాను. ఈ పనిలో తలపండినవాణ్ణి, నా కొలత తప్పదు. తెర వెడల్పు సరిగ్గా ఇరవై అంగుళాలు. ఫ్రేము గాడిలోకి పోయేదానికి పావు అంగుళం తగ్గించి కొట్టాను. ఎత్తూ అలాగే. ఏమైందో తెలుసా? ఆట తపాలా బిళ్ళంత అయిపోయింది! అంత పెద్ద తెర మధ్యలో ఎక్కడో చీమంత కదలిక. ఇప్పుడు పక్కలకే కాదు, నాలుగు వైపులా నలుపే. నా ఫోటో అట్టలు చూసి నన్ను వెక్కిరించడానికే ఇలా చేశావని అర్థమైంది. కళ్ళు చికిలించుకుని ఆడాను. బాతో, నక్కో తెలియక బాతుల్నే తరిమాను.

పాత అంకెలు గుర్తున్నాయని మీ అక్కే మళ్ళీ కొట్టి పెట్టింది. పట్టీలు తిరిగొచ్చాయి. ఇక నిన్ను నమ్మి లాభం లేదని నా పని నేను చేశాను. మంచి టేకు ముక్కలు కోసి, మూలలు అతికించి, పాలిష్ పట్టి, ఆట ఎంత ఉందో అంతే కనిపించేలా ఫ్రేము కట్టి తెరకి తగిలించాను. పైన రెండు కొక్కేలు, అంతే. పట్టీలు ఫ్రేము వెనక్కి పోయాయి. ఇప్పుడు చెప్పు, పట్టీలు ఎక్కడున్నాయి? నీ చదువు చేయలేని పని నా ఉలి ఒక్క పూటలో చేసింది.

కానీ నక్కలు ఇప్పుడు ఫ్రేములోంచి దూకుతున్నాయి. మీ అక్క స్కోరు చుక్కల్లో ఉంది. వచ్చే ఆదివారమే గడువు. నా ఫోటో ఆ కిటికీలోంచి దిగితే నేను వీధిలో తల ఎత్తుకోలేనురా. అది నిజంగా అంటున్న మాట.

ఇట్లు,
మీ బావ

తా.క. అలవాటు కొద్దీ ఫ్రేముకి అద్దం కూడా బిగించాను. అందులో నా మీసం కనపడి దాన్నే చూసుకుంటుంటే రెండు బాతులు పోయాయి. షాపుకొచ్చిన ఒకాయన మాత్రం "ఈ కదిలే బాతుల ఫోటో ఎంత?" అని అడిగి వెళ్ళాడు.

*

బావా,

నాకు మతి పోతోంది. నేను వద్దన్నదల్లా నువ్వు చేస్తున్నావు, పైగా నేనే చెప్పానంటున్నావు. టేపుతో కొలవమని నేను ఏ జన్మలోనూ రాయను.

కూర్చుని ఆలోచించాను. ఆట తయారుచేసినవాణ్ణి కాబట్టి ఒకటి చెప్పగలను. పక్కల పట్టీలుండగా అక్క స్కోరు అంత దాకా వెళ్ళదు. పొదలో నక్క కనపడాలి, అప్పుడే వెళ్తుంది. నువ్వు కునుకు తీసేటప్పుడు ఆ ఫ్రేము కొక్కేలకే ఉంటోందా? ఒక కన్ను తెరిచి పడుకో.

ఇట్లు,
అనుమానంతో, బావమరిది

తా.క. ఈ ఉత్తరం మాత్రం అక్క చేత చదివించుకోకు.

*

ఒరేయ్ తమ్ముడూ,

అక్క దీవించి రాయునది. ఈసారి నేనే రాస్తున్నాను. మీ బావ రాసే స్థితిలో లేరు. నిన్న ఆదివారం పందెం తేలిపోయింది, కిటికీ నాది.

నువ్వు తెలివైనవాడివే గానీ కాస్త ఆలస్యంగా. ఉత్తరం చదివేది నేను, వినేది ఆయన. నొక్కకు అని ఉంటే నొక్కు అని చదివాను. టేపు వాడకు అని ఉంటే టేపుతో సరిగ్గా కొలిచి రాయి అని చదివాను. నక్కల సంగతి అసలు చదవలేదు. మధ్యాహ్నం ఆయన గురక మొదలవగానే కొక్కేలు విప్పి, ఫ్రేము దించి, నువ్వు చెప్పిన అంకెలు కొట్టి ఆడేదాన్ని. నక్కలు పొదలో నిలబడి చెవులు గోక్కుంటూ ఉంటే చూసి చూసి తరిమాను. ఆయన లేచేలోగా మళ్ళీ పాత అంకెలు, మళ్ళీ టేకు ఫ్రేము.

నీ చివరి ఉత్తరం కూడా నేనే చదివి వినిపించాను. "అక్క మాట విను బావా, మర్యాదగా కిటికీ ఇచ్చేయ్" అని రాశావన్నాను. సాయంత్రం దాకా నిన్ను తిట్టారు. కాస్త ఓర్చుకో.

నా గుడ్డలు పొద్దున్నే కిటికీలో పెట్టాను. మధ్యాహ్నానికే ఇద్దరు ఆగి ధర అడిగారు. ఆ ఫోటోని అటకెక్కిస్తాననుకుని ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు. పిచ్చి మనిషి. అటక మీద ఎందుకు పెడతాను? నా కుట్టుమిషన్ ఎదురుగా గోడకి తగిలించాను. ఇన్నేళ్ళూ ఆ మీసాన్ని వీధిలో పోయేవాళ్ళందరూ చూశారు. షాపు లోపల కూర్చున్న నాకు మాత్రం దాని వెనక అట్టే కనపడేది. నేను పెళ్ళాడింది ఆ అట్టనా? ఈ మాట ఆయనతో అనకు, మీసం ఇంకో రెండు మెలికలు తిరుగుతుంది.

ఇట్లు,
మీ అక్క

తా.క. నాకు దగ్గు లేదు. పోస్టులో వేసి రమ్మని ఈ కవరు ఆయనకే ఇస్తున్నాను. కళ్ళద్దాలు లేవుగా, భయం లేదు.

ఇంకో తా.క. బావ రాయునది. అద్దాలవాడు పొద్దునే ఇచ్చాడు. జేబులో ఉన్నాయి, ఇంట్లో ఇంకా చెప్పలేదు. టీకొట్టు దగ్గర కవరుకి ఆవిరి పట్టి విప్పాను. మీ అక్క రాత ముత్యాల్లా ఉంటుంది, అంతా అర్థమైంది. ఇంటికి పోయి, ఆమె బజారుకి వెళ్ళగానే నీ పాత ఉత్తరాల కోడిగీతల్లో ఆ అంకెలు వెతికి నేనే కొట్టాను. ఒరేయ్, నక్కలు నిజంగానే వరసలో ఉన్నాయి! ఒకటి ఆవలిస్తోంది కూడా. కిటికీ ఆమెనే ఉంచుకోనీ, నా ఫోటో ఉండాల్సిన చోటే ఉంది. వచ్చే నెల పందెం గిన్నెలు తోమడానికి. నాకు ఇంకా కళ్ళద్దాలు రాలేదనే రాస్తూ ఉండు.