నీళ్లు దూరిన గడియారం

పర్వత్ పాటియా, సూరత్
ఏప్రిల్ 19, 2021

నా భూదేవికి,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. నీ ఫోన్ మోగితే మీ అన్న ఇంటిల్లిపాదీ స్పీకర్ పెట్టుకుని వింటారు కదా. ఈ మాట వాళ్లు వినకూడదు. ఏడో తరగతి చదివిన పెళ్లాం దొరికినందుకు ఇన్నాళ్లకు సంతోషిస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

మా సేఠ్ కరోనాతో ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాను కదా. ఆయనకు ఒక చేతిగడియారం ఉంది. సముద్రం అడుగుకు దిగే ఈతగాళ్ల కోసం చేసిందట, లోకంలో అలాంటివి కొన్నే ఉన్నాయట. మా సేఠ్ తాపీ నదిలో మోకాలి లోతుకు కూడా దిగి ఎరగడు, అది వేరే సంగతి. ఇలాంటి గడియారాలు కూడబెట్టే షావుకారు ఒకడు ముంబై నుంచి వచ్చి కొంటానన్నాడు. లాక్‌డౌన్ దెబ్బకు కూలబడ్డ మా షెడ్డుకు అదొక్కటే దిక్కు. అది అమ్ముడుపోతే సచిన్ పేటలోని షెడ్డులో మేం బట్ట నేసే పన్నెండు సాంచాలూ నిలుస్తాయి. లేకపోతే పాత ఇనుము కింద పోతాయి, వాటితోపాటు మా పనీ పోతుంది.

ఆస్పత్రివాళ్లు ఆ గడియారాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి తిరిగిచ్చారు. ఇంట్లో ఎవరూ ముట్టలేదు. సేఠ్ కొడుకు, మేం చిన్న సేఠ్ అంటాం, నన్ను పిలిచి, "అంబదాస్, సాబున్‌తో కడిగి పెట్టు. మూడు వందల మీటర్ల లోతుకు పోయే మాల్, నీళ్లకు ఏం కాదు" అన్నాడు.

కడిగే ముందు నేనొక పని చేశాను. షావుకారు వచ్చేదాకా అది నాలుగు రోజులు అల్మారాలో ఊరికే ఉంటుంది. సాంచా నాలుగు రోజులు ఆపాల్సి వస్తే పడుగు బిగువు సడలించి వదులుతాం కదా, లేకుంటే పోగులు సాగి తెగుతాయి. గడియారంలోనూ స్ప్రింగే కదా అని, పక్కనున్న కీని తిప్పి వదులు చేశాను. ఇరవై రెండేళ్ల పనితనం మరి! అలాగే బకెట్‌లో ముంచి కడిగాను. ఆ కీ బిగిసి ఉంటేనే నీళ్లు ఆగుతాయని నాకేం తెలుసు? తుడుస్తుంటే అద్దం లోపల ఆవిరి కనబడింది. కీ బిగించి, పెట్టెలో పెట్టి, నోరు మూసుకున్నాను.

షావుకారు వచ్చి వెనక మూత తీయించి చూశాడు. "కీ వదులు చేసి నీళ్లలో ముంచారు" అని లేచి వెళ్లిపోయాడు. కడగమన్నది తనే అయినా, నేను కీ ముట్టుకుంటానని చిన్న సేఠ్‌కు తట్టలేదు; నా ఎదుటే స్పీకర్ పెట్టి తండ్రికి ఫోన్ చేశాడు. "పప్పా, దినమంతా ఆ కీ తిప్పుకుంటూ కూర్చుంటావు. అట్లాగే చేతులు కడిగావా? చేజేతులా మమ్మల్ని ముంచావు" అని అరిచాడు. అవతల సేఠ్ దగ్గుతూ, "అయి ఉంటుంది బేటా. మాఫ్ చేయి" అన్నాడు. చేయని తప్పుకు, భూదేవీ! నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నాతో పనిచేసే నర్సింగానికి ఒక్కడికే చెప్పాను. "నీకేమన్న పిచ్చా? గిప్పుడు నోరు తెరిస్తే నిన్నే తంతరు. జర ఊకో" అన్నాడు. కానీ సేఠ్‌కు తగ్గుతోందట. ఇంటికి రాగానే ఆయన కాళ్ల మీద పడి చెప్పేస్తాను. ఇది ఖాయం.

నీ అంబదాస్


మే 2, 2021

భూదేవీ,

సేఠ్ ఇంటికి రాలేదు. ఆ ఫోన్ తరువాత తండ్రీకొడుకులు మళ్లీ మాట్లాడుకోలేదట. మూడో రోజు గొంతులో గొట్టం వేశారు, ఆరో రోజు పోయాడు.

నిన్న చిన్న సేఠ్‌కు అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను, "లేదు. పప్పాయే పాడుచేశాడు" అన్నాడు.

"కాదు సేఠ్, నేనే చేసిన..."

గల్లా పట్టుకున్నాడు. "నువ్వు చేశావంటే నేను పప్పాను ఉత్తపుణ్యానికి తిట్టినట్టు. ఆ తిట్టు మోసుకునే ఆయన పోయినట్టు. సమజ్ అయిందా? పప్పాయే చేశాడు."

ఇవాళ సాంచాలు అమ్మేశారు. ఏ బోల్టు ఎక్కడ పట్టేసిందో నాకు తెలుసని నన్నే విప్పమన్నారు. పదకొండు విప్పాను. పన్నెండోదాని దగ్గర పాత ఇనుము కొనేవాడు, నడిచే సాంచాలను ఎందుకు అమ్ముకుంటున్నారని అడిగాడు. "మా పప్పా ఒక గడియారం పాడుచేశాడు" అని చిన్న సేఠ్ నా వైపు చూశాడు. "కావాలంటే అంబదాస్‌ను అడుగు."

"అవును," అన్నాను. "పెద్ద సేఠే పాడుచేసిండు."

నీ అంబదాస్