చివర ఆ కూత

ఆగస్టు 14, రాత్రి.

సాయంత్రం మా అమ్మాయి శ్రావణి ఫోన్లో ఏదో వీడియో చూస్తుంటే నాన్న పాట వినిపించింది. వంటగదిలోంచి పిండి చేతులతోనే పరిగెత్తాను. ఐర్లండ్‌లో వాళ్ల స్వాతంత్ర్య వీరులను తలుచుకునే సభట. ఒక ముసలాయన పిల్లనగ్రోవి వాయిస్తున్నాడు. తను పనిచేసిన రైల్వే వర్క్‌షాపులో పారేసిన ఇత్తడి గొట్టానికి ఆరు బెజ్జాలు వేసుకుని, ఏటా జెండా ఎగరేశాక నాన్న దాని మీద వాయించిన పాటే అది!

అంతలోనే అనుమానం వచ్చింది, అసలిది నాన్న పాటేనా అని. నాన్న పోయాక ఆ గొట్టం నాకొచ్చింది. రేపు మా రైల్వే కాలనీలో పూరీ గేట్ దగ్గర జెండా వందనంలో నేనే వాయించాలి. అది మా నాన్న కట్టిన పాటని ఊరంతా చెప్పేశాను కదా.

అమ్మను అడిగితే నవ్వేసింది.

"మీ నాన్న కట్టినాడని ఎవులు సెప్పినారే నీకు? పక్క క్వార్టర్లో రైలు గార్డు దొర నేర్పినాడు. ఆయన తాతది ఐర్లండంట. సివర కూత ఒక్కటే మీ నాన్నది. పదిహేనో తారీకు సెలవు గదా, వర్క్‌షాపు సైరన్ మోగదు. అది ఇనకపోతే తెల్లారినట్టే ఉండదని తనే ఊదీవోడు."

మళ్లీ వీడియో పెట్టి విన్నాను. నిజమే, ముసలాయన కూత లేకుండానే ఆపేశాడు.

రేపు ముందే చెప్పేస్తాను, పాట ఐర్లండ్ వాళ్లదని. ఎక్కడైనా తప్పితే వాళ్లు క్షమిస్తారులే. కూత మాత్రం తప్పకూడదు.